గజం ధర చెప్పారు, కాగితం సంగతి చెప్పారా?

వైరా నుంచి ఏ దారి పట్టినా, ఖమ్మం వైపు గానీ, మధిర వైపు గానీ, తల్లాడ వైపు గానీ, కొంచెం దూరం వెళ్లేసరికి పొలాల మధ్య సున్నం కొట్టిన హద్దురాళ్లు కనబడతాయి. మొన్నటి పంటదాకా వరి ఉన్న చోట మొరం రోడ్లు, రంగు జెండాలు, దారి పక్కన పెద్ద బోర్డు. బోర్డు మీద గజం ధర ఉంటుంది. ఖమ్మానికి ఎన్ని నిమిషాలో ఉంటుంది. వాయిదాల్లో కట్టొచ్చని ఉంటుంది. ఆ భూమి ఎవరి పేరు నుంచి ఎవరి పేరు మీదికి ఎలా వచ్చిందో మాత్రం ఉండదు. కొన్నవాళ్ల బతుకు నిలబడేదీ, కూలేదీ ఆ ఒక్క సంగతి మీదే.

నేను వైరాలో ఉంటాను, ఖమ్మం కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. ఎక్కువగా ఆస్తి దావాలు చూస్తాను, ఇంటి లోన్లకు లీగల్ ఒపీనియన్లు రాస్తాను. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు, అమ్మేవారికి ఆ స్థలం మీద నిజంగా హక్కు ఉందా లేదా అని పాత దస్తావేజులన్నీ చదివి చెప్పడమే ఒపీనియన్. ఆ పనిలో నాకు బలంగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. మా ప్రాంతంలో ఇల్లు పేదవాళ్లకు అందకపోవడానికి భూమి ధర ఒక్కటే కారణం కాదు. వాళ్లకు అందే ధరలో దొరికే స్థలం చాలాసార్లు లోపమున్న కాగితంతోనే దొరుకుతుంది. కాగితం శుభ్రంగా ఉన్న జాగా డబ్బున్నవాళ్లకు వెళ్తుంది. అనుమానం ఉన్న జాగా కూలీకి, ఆటో డ్రైవర్‌కు, అంగన్‌వాడీ ఆయాకు మిగులుతుంది. కాగితాలు చదవడం వృత్తిగా ఉన్న మేము, లాయర్లం, మా బార్ సమావేశాల్లో ఈ సంగతి మాట్లాడుకోవాలన్నది నా కోరిక. అందుకే ఈ వ్యాసం.

కూలి లెక్కలో వంద గజాలు

ధరలు వీధి వీధికీ మారతాయి. లెక్కకు సులువుగా ఉండటానికి గజం పది వేలు అనుకుందాం. వంద గజాలు పది లక్షలవుతుంది. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదికి వంద రోజుల పని పూర్తిగా దొరికితే చేతికొచ్చేది 30,700. తిండి, బట్ట, మందుమాకు దేనికీ ఖర్చు పెట్టకుండా మొత్తం దాచినా, ఆ వంద గజాలు కొనడానికి 32 ఏళ్లు దాటుతుంది. అప్పటికింకా పునాది తియ్యలేదు.

దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం. 2021 జులైకి ముందు ఇది ఆరు శాతం ఉండేది. పది లక్షల మీద ఏడున్నర శాతమంటే 75 వేలు. అదే కూలి లెక్కలో 244 రోజుల కష్టం. ఈ ఖర్చు చూసి భయపడే చాలామంది రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించుకుని, నోటరీ ముద్ర వేయించుకుని, ఇల్లు కట్టేసుకుంటారు. మిరప కోతలకు పోయి కూడబెట్టిన డబ్బుతో అలా కొన్న ఒకావిడ నా దగ్గరికొచ్చి, "లాయరమ్మా, ముద్ర ఉంది గదా, సంతకాలు ఉన్నయి గదా, ఇంకేం గావాలె?" అని అడిగింది. నోటరీ ముద్ర, ఆ సంతకం ఆ మనిషే పెట్టారని మాత్రమే చెబుతుంది. అమ్మిన మనిషికి ఆ జాగా ఉందా లేదా అన్నది చెప్పదు. ఆవిడ కొన్న చోటు అమ్మకూడని అసైన్డ్ భూమి. ఇంటి గోడలు ఆవిడవి, కింద నేల మాత్రం చట్టం కళ్లకు ఆవిడది కాదు.

ప్రభుత్వ సాయం కూడా స్థలం దగ్గరే ఆగుతోంది. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి భద్రాచలంలో ప్రారంభించారు. సొంత జాగా ఉన్నవారికి ఇల్లు కట్టుకోవడానికి విడతలవారీగా 5 లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అన్నారు. దరఖాస్తులను విడగొట్టినప్పుడు జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1 జాబితాలో, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2 జాబితాలో చేరారు. ముందు వంతు ఎల్-1కే వచ్చింది. ఇల్లు కట్టే సాయం వస్తుందన్న ఆశతో, ఎలాగైనా ఒక జాగా ఉన్నట్టు చూపించాలన్న తొందర ఎల్-2 వాళ్లలో పెరగడం నేను చూస్తున్నాను. ఆ తొందరలో కొన్న కాగితాలే తర్వాత దావాలై మా బల్లల మీదికి వస్తాయి.

వైరా మీద ఇంత ఒత్తిడి ఎందుకు?

నిజాం కాలంలో వైరా నదికి అడ్డంగా కట్టిన రిజర్వాయర్ 1930 ప్రాంతం నుంచి ఇక్కడి పొలాలకు నీళ్లిస్తోంది. ఆయకట్టు 17 వేల ఎకరాలకు పైనే. ఊరు ఆ నీళ్ల మీదే పెరిగింది. పండే భూమి గనుక ఎకరం ధర ఇక్కడ ఎన్నడూ తక్కువ లేదు. 2020 జనవరిలో మున్సిపల్ ఎన్నికలు జరిగి పట్టణం హోదా నిలబడింది. 2024 ఆగస్టు 15న సీతారామ ఎత్తిపోతల పంప్‌హౌస్ ప్రారంభించిన రోజే, రైతు రుణమాఫీ సభ వైరాలో పెట్టారు. గోదావరి నీళ్లు వస్తాయన్న నమ్మకం రైతుకు సంతోషం. స్థలాల మధ్యవర్తికి అదే ధర పెంచే మాట. ఇక ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే ఈ వైపు నుంచే సత్తుపల్లి మీదుగా పోతుంది. రోడ్డు పని మొదలుకాకముందే దాని పేరు బోర్డుల మీదికెక్కింది.

బయటివాళ్లకు అంతగా తెలియని కారణం ఇంకొకటుంది. తల్లాడ దాటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు వెళ్తుంటే అడవి దగ్గరవుతుంది, ఏజెన్సీ అని పిలిచే షెడ్యూల్డ్ ప్రాంతమూ దగ్గరవుతుంది. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 సవరణ అమల్లో ఉన్నాయి. జనం నోట అది 'వన్ ఆఫ్ సెవెంటీ'. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు. ఒక గిరిజనేతరుడి భూమిని ఇంకో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. ఈ నిబంధన రాజ్యాంగానికి లోబడే ఉందని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తేల్చింది. 1997 సమతా తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది.

ఈ చట్టం ఉండాల్సిందే. కోయ, లంబాడా కుటుంబాలకు చేతిలో మిగిలిన కాస్త భూమీ దానివల్లే మిగిలింది. అయితే ఏజెన్సీలో ఉద్యోగం చేసే గిరిజనేతరులు ఇల్లు కొనాలంటే ఏజెన్సీ దాటాలి. సింగరేణి కార్మికులు, టీచర్లు, ఫారెస్టు ఉద్యోగులు, భద్రాచలంలో చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లు రిటైరయ్యే లోపు ఒక జాగా కావాలని ఖమ్మం, వైరా, సత్తుపల్లి వైపు చూస్తారు. 2014లో చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాక భద్రాచలం పట్టణానికి పెరగడానికే చోటు లేకుండా పోయింది. అలా అడవి అవతలి గిరాకీ కూడా మా ఊరి మీద పడుతోంది. జీతం వచ్చేవాళ్లతో పోటీపడలేక ఊళ్లో పుట్టిన కూలీ కుటుంబం ఊరి చివరికి, చెరువు గట్టుకి, తెల్లకాగితం స్థలానికి జరుగుతోంది.

చౌకదనం ఎక్కడ నుంచి వస్తుంది?

మా వైపు ఒక స్థలం చరిత్ర చదవాలంటే 1954-55 ఖాస్రా పహాణీ దగ్గర మొదలుపెడతాం. అప్పుడు పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు, 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు ఎవరైనా ఉన్నారా అని చూస్తాం. గోదావరి అవతలి భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడి రికార్డులు వేరే రకం. ఆ తర్వాత ప్రతి అమ్మకం దస్తావేజు, పంపకం కాగితం, వారసుల పేర్లు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్). ఈ గొలుసులో ఎక్కడో ఒక లింకు తెగి ఉంటే ఆ స్థలం ధర తగ్గుతుంది. ధర ఎందుకు తగ్గిందో కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. "అర్జెంటుగా అమ్ముతున్నారు, అందుకే తక్కువ" అంటారు.

అలా తెగే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది అసైన్డ్ భూమి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమిని అమ్మడానికి వీల్లేదని 1977 నాటి తొమ్మిదో నంబరు చట్టం చెబుతోంది. కొన్నా హక్కు రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఇలాంటి భూములు రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో, జనం '22-ఏ' అనే దాంట్లో ఉంటాయి. అక్కడ పేదవాడి భూమిని ఇంకో పేదవాడికే అమ్ముతారు. మధ్యలో ఉన్నవాడు కమీషన్ తీసుకుని పోతాడు. నష్టం ఇద్దరి మీదా పడుతుంది.

రెండోది జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం. జీపీఏతో, అగ్రిమెంటుతో, వీలునామాతో కలిపి చేసే అమ్మకం యాజమాన్యం ఇవ్వదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా ఫైళ్లలో అలాంటి కాగితాలు ఇప్పటికీ కనబడుతున్నాయి.

మూడోది గుంటల అమ్మకం. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాట్ రిజిస్ట్రేషన్ ఆగిపోయాక, అదే నేలను వ్యవసాయ భూమిగానే నాలుగు గుంటలు, ఐదు గుంటలు అని కోసి అమ్మడం పెరిగింది. గుంటంటే 121 గజాలు. పాస్‌బుక్ వస్తుంది గనుక కొన్నవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. తీరా ఇల్లు కట్టబోతే నాలా (వ్యవసాయేతర) మార్పిడి కాలేదని, రోడ్డు లేదని, ఇంటి అనుమతి రాదని తెలుస్తుంది. అనుమతి లేక బ్యాంకు లోనూ రాదు. అప్పుడు వడ్డీ వ్యాపారే దిక్కు.

నాలుగోది, ఖాళీ స్థలాలు వదలకుండా, రోడ్ల వెడల్పు పాటించకుండా వేసిన లేఅవుట్. దీన్ని సరిచేసుకోవడానికి ప్రభుత్వం 2020 ఆగస్టు 31న లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్ తెచ్చింది. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంతమంది అనుమతి లేని చోట కొన్నారంటే, తప్పు ఆ కొన్నవాళ్ల అత్యాశది కాదు. అనుమతి ఉన్న చోటు వాళ్లకు అందలేదు. పార్కుకు, బడికి పది శాతం స్థలం వదలాల్సింది లేఅవుట్ వేసినతను. అతను వదల్లేదు గనుక స్థలం విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుముగా కొన్నవాళ్లు కట్టాలి. 2025లో ప్రభుత్వం పాతిక శాతం రాయితీ ఇచ్చినా, భారం మోసేది మాత్రం కొన్నవాళ్లే. చౌకగా కొన్నామనుకున్న స్థలం చివరికి చౌకగా ఉండదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన లెక్క నా దగ్గర లేదు.

నీళ్లు వచ్చిన చోటు, తూటాలు వచ్చిన చోటు

కాగితం లోపం ఎప్పుడూ కాగితం మీదే ఆగదు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు ఖమ్మంలో బొక్కలగడ్డ లాంటి ఏటి ఒడ్డు బస్తీల్లో ఇళ్ల కప్పుల దాకా నీళ్లొచ్చాయి. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లతో పాటు ఇంటి దస్తావేజులు కూడా తడిసి ముద్దయ్యాయి. అక్కడున్నవాళ్లు ప్రమాదం తెలియక వెళ్లలేదు. వాళ్లకు అందిన నేల అది. పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల లోపల ఇల్లు కట్టకూడదని భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి. వైరా రిజర్వాయర్‌కూ అదే నియమం. ఆ 30 మీటర్లు ఎక్కడ ముగుస్తాయో నేల మీద గీసి చూపించకపోతే, నియమం ఉన్నట్టు కొనేవాళ్లకు తెలిసేది నీళ్లొచ్చిన రోజే.

మా జిల్లా వాళ్లు ఇంటి జాగా అనగానే తలుచుకునే పేరు ఇంకొకటుంది, ముదిగొండ. పేదలకు భూమి, ఇళ్ల స్థలాలు ఇవ్వాలని వామపక్షాలు 2007 జులై 28న బంద్‌కు పిలుపిచ్చాయి. ముదిగొండలో పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. భూ సమస్యల మీద అంతకుముందే కోనేరు రంగారావు కమిటీ సిఫారసులు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. వాటిని అమలు చేయమన్నది కూడా ఆనాటి డిమాండే. ఆ ఊరు మాకు దూరమేమీ కాదు. ఇంటి జాగా కోసం మనుషులు ప్రాణాలిచ్చిన జిల్లాలో లాయర్లుగా ఉన్నాం. ఇది మాకొక బాధ్యత పెడుతోందని నేను నమ్ముతాను.

చట్టం కూడా ఆ బాధ్యతకు దారి చూపించింది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి పేవ్‌మెంట్ల మీద ఉండేవాళ్ల జీవనోపాధి హక్కును సుప్రీంకోర్టు జీవించే హక్కులో భాగంగా చూసింది. 1990లో శాంతిస్టార్ బిల్డర్స్ కేసులో, మనిషిగా ఎదగడానికి తగిన నివాసం కూడా ఆ హక్కులోకే వస్తుందంది. తీర్పులు పుస్తకాల్లో ఉన్నాయి. వాటిని నోటరీ అగ్రిమెంటు పట్టుకుని వచ్చిన మిరప కూలీ దాకా తీసుకెళ్లాల్సింది మేమే.

మా కూడికల్లో ఏం మాట్లాడుకుంటున్నాం?

న్యాయవాదులు కూడే సందర్భాలు తక్కువేమీ కావు. డిసెంబర్ 3న బాబూ రాజేంద్రప్రసాద్ జయంతి, అదే న్యాయవాదుల దినోత్సవం. నవంబర్ 9న న్యాయ సేవల దినం. బార్ ఎన్నికలు, బదిలీ అయ్యే జడ్జిగారికి వీడ్కోలు, పోయిన సీనియర్‌కు సంతాప సభ. ఇవి కాక రోజూ కోర్టు బెంచీ దిగాక క్యాంటీన్ దగ్గర టీ. ఆ టీ దగ్గర ఇళ్ల మాట రాని రోజు లేదు. ఎక్కడ వెంచర్ పడింది, ఎవరు ఎంతకు కొన్నారు, ఏ సర్వే నంబరు గొడవలో ఉంది, అన్నీ అక్కడే తెలుస్తాయి.

ఆ మాటల్లో మా జూనియర్ల బాధ కూడా ఉంటుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయిది జూలూరుపాడు వైపు కోయ గూడెం. వాళ్లింట్లో మొదటి గ్రాడ్యుయేట్. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో చెప్పడం ఇలాంటి పిల్లలకు ఊరట. తర్వాత బతుకు? గ్రామీణ ప్రాంతాల్లో జూనియర్లకు నెలకు కనీసం 15 వేలు, పట్టణాల్లో 20 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సూచించింది. సూచన గనుక సీనియర్ మనసు మీద ఆధారపడి ఉంది. ఖమ్మంలో గది అద్దె, అడ్వాన్సు, బస్సు ఖర్చు పోను మిగిలేది చూసుకుని చాలామంది మొదటి రెండేళ్లలోనే కోర్టు మానేస్తారు. కోయ గూడెం భూముల కాగితాలు ఆ భాషలో, ఆ మనుషుల మధ్య కూర్చుని చదివి చెప్పగల లాయరును అద్దె తరిమేస్తోంది. ఇది ఆ అమ్మాయి నష్టం మాత్రమే కాదు.

అందుకే న్యాయవాదులకు ఇళ్ల స్థలాలు ఇవ్వాలన్న డిమాండ్ ఎక్కడ సమావేశమైనా వస్తుంది. ఆ ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మా వృత్తిలో ప్రతివారూ చదవాలి. హైదరాబాద్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసుల అధికారులు, జడ్జీలు, జర్నలిస్టుల హౌసింగ్ సొసైటీలకు తక్కువ ధరకు భూములు కేటాయిస్తూ 2005లో వచ్చిన ఉత్తర్వులను కోర్టు కొట్టేసింది. జడ్జీల సొసైటీ కూడా అందులో ఉందని తెలిసీ కొట్టేసింది. ఉన్నవాళ్లకే మళ్లీ ప్రభుత్వ భూమి చౌకగా ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమన్నది ఆ తీర్పు సారం. వృత్తి పేరుతో జాగా అడిగే దారి ఇక ఇరుకే. జూనియర్‌కు ఇల్లు కావాలంటే, ఆ ఊళ్లో తక్కువ ఆదాయం వచ్చే అందరికీ ఇల్లు అందేలా చూడటమే నిలబడే దారి. మా అవసరమూ, మా క్లయింట్ల అవసరమూ అక్కడ ఒకటవుతాయి.

లాయర్లు సొంత పని దాటి ఊరి పని ఎత్తుకోవడం తెలంగాణకు కొత్త కాదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధని సభలో వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడితే గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది, దాని నుంచి ఆంధ్ర మహాసభ ఎదిగింది. వెట్టికి వ్యతిరేకంగా ఊరూరా చైతన్యం తెచ్చిన మాడపాటి హనుమంతరావు వకీలే. కౌలుదారులకు రక్షణ ఇచ్చిన 1950 చట్టం వెనుక కృషి చేసిన బూర్గుల రామకృష్ణారావూ వకీలే. ఇప్పటికీ మేం రాసే ఒపీనియన్‌లో ఆ చట్టం పేరు వస్తూనే ఉంటుంది.

నెలకో పూట చాలు

నేను అడిగేది చిన్న పని. నెలలో ఒక శనివారం సాయంత్రం, వైరాలో అందరికీ తెలిసిన ఒక చోట, ఇద్దరు సీనియర్లు, నలుగురు జూనియర్లు కూర్చోవాలి. స్థలం కొనాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే కాగితాలు తెచ్చి చూపించుకోవాలి. డబ్బు తీసుకోకూడదు. కొన్న తర్వాత దావా నడపడానికి ఏళ్లు పడుతుంది, కొనకముందు వద్దని చెప్పడానికి ఒక గంట పడుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1987 న్యాయ సేవల అధికార చట్టం ఉంది. దాని కింద ఊళ్లలో లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు పెట్టడానికి 2011 నిబంధనలు ఉన్నాయి, పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. వరద బాధితులూ ఆ చట్టంలో ఉన్నారు, అంటే మున్నేరు ఒడ్డు కుటుంబాలు కూడా అర్హులే. ఇప్పటికే గొడవలో పడ్డవాళ్లను లోక్ అదాలత్ దాకా నడిపించవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కోర్టులో కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది.

లాయరు పక్కన నిలబడితే ఇల్లు నిలబడుతుందని వేరే దేశాలూ గుర్తించాయి. అద్దె ఇంటి నుంచి ఖాళీ చేయించే కేసుల్లో, ఆదాయం తక్కువున్న కిరాయిదారులకు నగర ఖర్చుతో లాయరును ఇచ్చే చట్టాన్ని న్యూయార్క్ 2017లో చేసింది. మన దగ్గర కిరాయిదారుల పరిస్థితి ఇంకా బలహీనం. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించేది, ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి దాన్ని తప్పించుకోవడానికే. ప్రతి పదకొండు నెలలకూ అద్దె పెరుగుతుందేమోనన్న బెంగ కిరాయిదారులకే మిగులుతుంది. ఆ కాగితం మీద ఏముందో చదివి చెప్పే మనిషి కూడా ఆ శనివారం అక్కడ ఉండాలి.

అంతదాకా, ఇది చదువుతున్న మీరు స్థలం కొనబోతుంటే కొన్ని చూసుకోండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు అన్నీ అడగండి. నకలు కాగితాలు చూపించి అసలు తర్వాత ఇస్తామంటే అక్కడే ఆగండి. వెంచర్‌లో కొంటుంటే లేఅవుట్ అనుమతి నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదై ఉండాలి, అంటే ఎకరం లేఅవుట్ దానికి ఎనిమిది రెట్లు. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రెరా చట్టమే చెబుతోంది, ఆ మాట అమ్మేవాళ్లకు ధైర్యంగా చెప్పండి. ఏజెన్సీ గ్రామమైతే 1/70 సంగతి ముందే తెలుసుకోండి. వ్యవసాయ భూమి గుంటల్లో ఇస్తామంటే, ఇంటికి అనుమతి వస్తుందా అని మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ అడిగాకే డబ్బు తీయండి. వానాకాలంలో ఒకసారి వెళ్లి ఆ నేలను కళ్లతో చూడండి.

నా తోటి న్యాయవాదులకు చెప్పేది ఒక్కటే. భూమి ధర తగ్గించడం మన చేతుల్లో లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు తగ్గించడమూ ప్రభుత్వం పని, దాని కోసం అడుగుదాం, తీర్మానాలు చేద్దాం. కానీ పేదవాళ్లు కొనే స్థలంలో కాగితం లోపం వల్ల పోయే డబ్బును ఆపడం మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉన్న పని. ఆ చదువు మనకు ఉంది, ఆ రికార్డులు మనకు తెలుసు, ఏ సర్వే నంబరు గొడవలో ఉందో టీ తాగుతూనే చెప్పగలం. వచ్చే డిసెంబర్ 3న న్యాయవాదుల దినోత్సవం సభలో దండలు, ప్రసంగాలు అయ్యాక ఈ నెలవారీ శిబిరం మీద ఒక తీర్మానం పెడతాను. వైరా, ఖమ్మం, మధిర, సత్తుపల్లి లాయర్లు ఎవరు చేయి కలిపినా మొదటి శనివారానికి తేదీ అక్కడే ఖాయం చేద్దాం.